పాముకాటుపై బుర్రకథ: వైద్య సిబ్బందీ కళాకారులూ కలిసి ప్రదర్శన తయారు చేసుకునే పద్ధతి

వైద్యులూ కళాకారులూ కలిసి పనిచేయాలన్న మాట సభల్లో తరచుగా వినిపిస్తుంది గానీ, ఆ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాక మొదటి గంటలో ఏం మాట్లాడుకోవాలో చెప్పేవారు తక్కువ. కళలు ఆరోగ్యానికి ఉపకరిస్తాయనడానికి ఆధారాల కొరత లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో వెలువరించిన సమీక్ష 3,000కు పైగా అధ్యయనాలను లెక్కలోకి తీసుకుంది. చిక్కంతా పని జరిగే తీరులోనే ఉంది. అందువల్ల ఇక్కడ అన్ని కళలనూ అన్ని జబ్బులనూ ముట్టుకోకుండా, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమూ ఒక బుర్రకథ దళమూ కలిసి పాముకాటుపై 40 నిమిషాల ప్రదర్శన తయారు చేసుకోవడం ఎలాగో మొదటి నుంచి చూద్దాం.

పాముకాటునే ఎంచుకోవడానికి కారణం ఉంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో మరణించి ఉంటారని పరిశోధకులు 2020లో అంచనా కట్టారు. అందులో సగం మరణాలు జూన్, సెప్టెంబర్ నెలల మధ్య, పొలం పనుల కాలంలోనే జరిగాయి. భారం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. మందు ఉన్న జబ్బు ఇది. ప్రాణం పోయేది చాలాసార్లు ఇంటి అరుగు మీద, ఎక్కడికి తీసుకెళ్లాలన్న తర్జనభర్జనలో గడిచిపోయే గంటలో. ఆ గంటలో మనిషికి గుర్తుకు రావలసింది గోడ మీది పోస్టరు కంటే చెవిలో మిగిలిన పాట అయితే మేలు. కథకుడి అవసరం అక్కడ వస్తుంది.

మొదట ఒక్క చర్యను తేల్చుకోండి

“పాముకాటుపై అవగాహన” అన్నది అంశం మాత్రమే, దాన్ని పట్టుకుని ఎవరూ కథ రాయలేరు. ప్రేక్షకుడు ఏం చేయాలని మీరు కోరుకుంటున్నారో ఒకే వాక్యంలో రాసుకోండి. “కాటు పడిన మనిషిని నడిపించకుండా, కట్టు కట్టకుండా, దారిలో ఎక్కడా ఆగకుండా, పాము ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి చేర్చాలి” అనేది అలాంటి వాక్యం. వైద్యాధికారి దీనికి పొలంలో బూట్లు, రాత్రి టార్చిలైటు, దోమతెర, ఎలుకల నివారణ, గడ్డివాముల శుభ్రత అన్నీ చేర్చమని అడుగుతారు. వాటిలో ఏదీ తప్పు కాదు. అయితే 40 నిమిషాల కథ ఒక్క బరువునే మోయగలదు. మిగిలిన వాటిలో ఒకటో రెండో పాట చరణాల్లో దొర్లిపోనివ్వండి, కథ వెన్నెముకను మాత్రం వాటికి అప్పగించకండి.

ఎవరెవరు కూర్చోవాలి

ఆరోగ్య కేంద్రం వైపు నుంచి వైద్యాధికారి ఒక్కరే వస్తే చాలదు. రాత్రి డ్యూటీ చేసే స్టాఫ్ నర్సు, ఏఎన్ఎం, ఆ ఊరి ఆశా కార్యకర్త తప్పనిసరిగా ఉండాలి. జనం అర్ధరాత్రి ముందుగా ఎవరి తలుపు తడతారో, ఏ మాట విని వెనక్కి తిరిగిపోతారో తెలిసినది ఆశా కార్యకర్తకే. దళం వైపు నుంచి కథకుడితో పాటు, అతనికి అటూ ఇటూ నిలబడి గుమ్మెట అనే వాద్యం వాయిస్తూ వంత పాడే వంతలిద్దరూ రావాలి. కథకుడిని పిలిచి మాట్లాడి, వంతలకు తరువాత చెబుతారులే అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. బుర్రకథలో ప్రశ్నలు వేసేది వంతలే కనుక, సందేహాలన్నీ వాళ్ల చెవిన ముందుగా పడాలి.

అనుమతి కోసం జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి ఒక పేజీ ఉత్తరం సరిపోతుంది. ఏ ఊళ్లలో, ఏ నెలలో, ఎన్ని ప్రదర్శనలు, పాఠాన్ని (ప్రదర్శన స్క్రిప్టును) ఎవరు సరిచూస్తారు అన్న నాలుగు విషయాలూ అందులో ఉంటే చాలు. శాఖలో ప్రచార విభాగం చూసే అధికారిని అందరూ “డెమో గారు” అంటారు. మైకు, బండి, గ్రామ పంచాయతీతో మాట వంటివి ఆయన ద్వారా త్వరగా తెమలుతాయి. ఉత్తరం పెట్టి ఊరుకోకుండా స్వయంగా వెళ్లి కలవడం మంచిది.

తొలి సమావేశంలోనే ఒక సరిహద్దు గీసుకోవాలి. వైద్యపరమైన నిజం విషయంలో చివరి మాట వైద్యాధికారిది. ఆ నిజాన్ని ఏ మాటతో, ఏ దరువుతో, కథలో ఎక్కడ చెప్పాలన్న విషయంలో చివరి మాట కథకుడిది. దీన్ని కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. వినడానికి లాంఛనంలా ఉంటుంది గానీ, మూడో వారంలో “ఈ హాస్యం తగ్గించండి” అని డాక్టరు గారు, “ఆ వివరం కథకు అడ్డం పడుతోంది” అని కథకుడు అన్నప్పుడు ఆ కాగితమే పని గట్టెక్కిస్తుంది.

ఒకరి పని చోటుకు మరొకరు వెళ్లండి

పాఠం రాయడానికి ముందు దళం ఒక పూట ఆస్పత్రిలో గడపాలి. రోగుల దగ్గరకు వెళ్లాలంటే వాళ్ల అనుమతి అడగాలి. ఫొటోలు, వీడియోలు తీయకూడదు. విన్న కథలోని పేరూ ఊరూ కులమూ ప్రదర్శనలో రాకూడదు. పక్క ఊళ్లో జరిగిన చావును పేరు మార్చి చెప్పినా, జనం పోల్చుకుంటారు. కథలోని కుటుంబాన్ని పూర్తిగా కల్పించుకోవడమే క్షేమం.

ఆస్పత్రిలో కళాకారులు తప్పక చూడవలసింది 20 నిమిషాల రక్త పరీక్ష. శుభ్రమైన, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో సుమారు 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా నిలబెట్టి, సరిగ్గా 20 నిమిషాల తరువాత ఒక్కసారి వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టి అడుగున నిలిచిపోతే ఒక మాట. నీళ్లలా జారితే పింజరి జాతి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వడం లేదని అర్థం. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, గాజు గొట్టమూ గోడ గడియారమూ చాలు. ఇంతకు మించిన నాటకీయ ఘట్టం ఏ కథలో దొరుకుతుంది? గొట్టం నిలబెట్టినప్పటి నుంచి వంచే దాకా గుమ్మెట మీద ఒకే సన్నని దరువు నడిపి, తల్లి, భర్త, అత్త గుమ్మంలో నిలబడి ఆ గొట్టాన్నే చూస్తున్నట్టు కథకుడు చెబితే, పందిట్లో ఊపిరి వినిపిస్తుంది. ఆస్పత్రికి వెళ్లగానే సూది వేయకుండా “ఊరికే కూర్చోబెట్టారు” అని జనం చేసే ఫిర్యాదుకు కూడా ఆ ఘట్టంలోనే జవాబు వచ్చేస్తుంది. డాక్టరు గారికి అది రోజువారీ పరీక్ష కనుక, అందులో కథ ఉందని ఆయనకు తట్టదు. కళాకారుడిని ఆస్పత్రికి రప్పించడం ఇందుకోసమే.

అదే విధంగా వైద్యాధికారి ఒక రాత్రి పూర్తి బుర్రకథ కూర్చుని చూడాలి. నడుమ తంబూరతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు; ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథ మధ్యలో వంత అడ్డుపడి ప్రశ్న వేయడం, కథకుడు ఆగి జవాబు చెప్పి మళ్లీ పల్లవి అందుకోవడం ఈ కళకు పుట్టుకతో వచ్చిన సౌకర్యం. 1940లలో ప్రజానాట్యమండలి దీన్ని రాజకీయ ప్రచారానికి అంత సమర్థంగా వాడుకోవడానికి ఈ నిర్మాణమూ ఒక కారణమే. ఆరోగ్య సందేశానికి అవసరమైన ప్రశ్నోత్తరాలు ఇందులో సిద్ధంగా ఉన్నాయి; విడిగా ఉపన్యాసం అతికించనక్కర్లేదని డాక్టరు గారు కళ్లారా చూస్తేనే నమ్ముతారు.

పాముల పేర్లు సరిచూసుకోండి

మన దగ్గర మరణాలకు ప్రధాన కారణమైన పాములు నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. మన ఆస్పత్రుల్లో ఉండే ఇంజెక్షన్ ఈ నాలుగింటి విషానికీ కలిపి తయారైనదే, కాబట్టి పామును చంపి సంచిలో వేసుకు రానవసరం లేదు. అయితే ఈ పేర్లు ఊరూరికీ మారతాయి. ఒక ఊరి కట్లపాము ఇంకో ఊళ్లో వేరే పాము కావచ్చు. బొమ్మలు చూపించి, ఆ మండలంలో ఏ పామును ఏమంటారో ఆశా కార్యకర్తల చేత చెప్పించుకుని, ఆ పేర్లనే పాఠంలో వాడండి.

ఇది కొత్త పనేమీ కాదు. కొన్నేళ్లు విశాఖపట్నంలో ఉన్న వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రసెల్, 1796లో లండన్‌లో అచ్చయిన తన కోరమాండల్ తీరపు పాముల గ్రంథంలో రంగుల బొమ్మల పక్కన మన జనం వాడే పేర్లనే రాసుకున్నాడు. ఈనాడు ఆయన పేరుతో ప్రపంచమంతా పిలిచే రక్తపింజరికి ఆయన నమోదు చేసిన పేరు “కాటుక రేకుల పొడ”. కట్లపాముల ప్రజాతికి శాస్త్రవేత్తలు పెట్టిన “బంగారస్” అనే పేరు మన బంగారంలోంచి వచ్చిందే. కథకుడికి ఇలాంటి ముక్క ఒకటి చేతికిస్తే చాలు, దాన్ని ఎక్కడ వేయాలో అతనికి తెలుసు.

మారకూడని మాటల కాగితం

వైద్య బృందం ఒకే పేజీలో, పది పన్నెండు వాక్యాలకు మించకుండా, పాటలో వచ్చినా హాస్యంలో వచ్చినా అర్థం మారకూడని విషయాలు రాసివ్వాలి. కాటు పడిన కాలో చెయ్యో విరిగిన ఎముకకు చేసినట్టు కదలకుండా ఆసరా పెట్టాలి. బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పసర్లు పూయకూడదు. మనిషిని నడిపించకూడదు. ఉంగరం, గాజులు, కడియం, మట్టెలు వాపు రాకముందే తీసేయాలి. 108కి ఫోన్ చేయాలి. బండి ఆలస్యమైతే దొరికిన వాహనం ఎక్కించాలి. కాటు పడిన సమయం గుర్తుంచుకోవాలి.

ఈ కాగితంలో కట్లపాముకు ప్రత్యేకంగా ఒక వాక్యం ఉండాలి. అది రాత్రి నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది, నొప్పి గానీ వాపు గానీ దాదాపు ఉండదు, తెల్లవారుజామున కడుపునొప్పి, ఆ తరువాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తాయి. గాటు లేదు కదా అని జనం దాన్ని అజీర్తి అనుకుంటారు. వాలిన రెప్పలను అభినయించడం కథకుడికి చేతనైనంత బాగా ఏ కరపత్రానికీ చేతకాదు.

ఒక చిన్న మాట ఎంత తేడా తెస్తుందో చూడండి. అప్పటికే ఎవరైనా కట్టు బిగించేసి ఉంటే ఏం చేయాలి? “వెంటనే విప్పేయండి” అని రచయిత కలం సులువుగా రాస్తుంది, దరువుకూ బాగా కుదురుతుంది. అయితే చాలాసేపు బిగించి ఉంచిన కట్టును ఒక్కసారిగా విప్పితే రోగి పరిస్థితి హఠాత్తుగా దిగజారవచ్చు. దాన్ని ఆస్పత్రిలో వైద్యుడి సమక్షంలోనే విప్పాలి. అందువల్ల పాఠంలోని ప్రతి క్రియాపదాన్నీ వైద్యాధికారి పెన్సిలుతో గీత గీస్తూ చదవాలి.

కథ రాసేటప్పుడు

అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం: తప్పును రక్తి కట్టించి, ఒప్పును పొడిగా చెప్పకండి. నేను రాసిన తొలి పాఠంలో, హాస్యపు వంత తన తలగుడ్డ ఊడదీసి కథకుడి కాలికి గట్టిగా బిగించే సన్నివేశం ఉండేది; ఆ తరువాత అది తప్పని కథకుడు నాలుగు వాక్యాలు చెప్పేవాడు. జనం పడీ పడీ నవ్వారు. వారం తరువాత అదే ఊళ్లో ఒక పెద్దాయనను కాటు పడితే ఏం చేస్తారని అడిగితే, “మీరే కదా బాబూ, తలగుడ్డతో కట్టాలని చూపించింది” అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. చేత్తో చేసి చూపినది కంటికి అంటుకుంది, నోటితో దిద్దినది గాలిలో పోయింది. ఆ సన్నివేశాన్ని తిరగరాసి, వంత తలగుడ్డ తీయబోతుండగానే కథకుడు చెయ్యి పట్టి ఆపేటట్టు, ఆ గుడ్డతోనే వెదురు బద్దను కాలికి వదులుగా ఆసరాగా కట్టేటట్టు మార్చాం. నవ్వు తగ్గలేదు, చూపిన పని మాత్రం సరైనదయింది.

మట్టెల సంగతి మరొకటి. కాగితంలో అది ఒక్క పదం. ఊళ్లో అది పెద్ద తగాదా. భర్త బతికుండగా మట్టెలు తీయడమంటే అపశకునమని అత్తగారు అడ్డుపడుతుంది, కాలు వాచిపోతుంది, చివరికి ఆస్పత్రిలో కోసి తీయవలసి వస్తుంది. ఇది మాకు చెప్పింది డాక్టరు గారు కాదు, ఒక ఆశా కార్యకర్త. పాఠంలో ఆ మట్టెలను అత్తగారి చేతే తీయించాం. “నీ కాలు బాగుంటే మళ్లీ నేనే తొడుగుతానమ్మా” అని ఆమె వాటిని తన కొంగున ముడి వేసుకుంటుంది. చివరి చరణంలో ఆ ముడి విప్పుతుంది. వైద్య నియమం చెక్కు చెదరలేదు, ఇంటి మర్యాదా చెడలేదు.

మంత్రగాడి పాత్రను ఎగతాళి చేయకండి. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషం ఉండదు, విషపు పాము కూడా ప్రతి కాటులోనూ విషం వదలదు. అందువల్ల మంత్రం వేయించుకున్న చాలామంది బతుకుతారు, ఆ పేరు మంత్రానికి దక్కుతుంది. ఇది జనం కళ్లారా చూసిన అనుభవం. దాన్ని వెక్కిరిస్తే కథకుడే పరాయివాడవుతాడు. ఈ విషయాన్ని రాజకీయపు వంత చేత ప్రశ్నగా వేయించి, కథకుడి చేత నిదానంగా విప్పించండి. కథలోని మంత్రగాడు మనిషి రెప్పలు వాలడం చూసి, “ఇది నా వల్ల కాదు, బండి కట్టండి” అనేటట్టు రాస్తే, ఆ ఊరి అసలు మంత్రగాడికి కూడా గౌరవంగా తప్పుకునే దారి దొరుకుతుంది. వీలైతే ఆయనను ముందు వరుసలో కూర్చోబెట్టండి.

భయం ఎంత పాళ్లలో ఉండాలన్నది మీ ఇద్దరూ తేల్చుకోవలసిన విషయం. నా అభిప్రాయంలో కథలో చావు ఉండనక్కర్లేదు. ఆలస్యమైన పొరుగింటి కథను రెండు వాక్యాల్లో తలచి, ప్రధాన పాత్రను బతికించి ఇంటికి తీసుకురావాలి. బతకవచ్చని నమ్మినవాడే బండి కోసం పరుగెత్తుతాడు.

డబ్బు

రిహార్సలుకు కూడా రోజు కూలీ లెక్కన ఇవ్వాలి, ప్రదర్శనకు మాత్రమే కాదు. దారి ఖర్చులు ముందుగా, సగం పారితోషికం పాఠం ఖరారయిన రోజున, మిగతాది ప్రదర్శన రాత్రే చేతికి అందాలి. సేవ అనే మాటను కళాకారుడి దగ్గర వాడే ముందు, ఆ బల్ల చుట్టూ కూర్చున్న మిగిలినవారంతా జీతం మీద వచ్చినవారేనని గుర్తుంచుకోండి. పాఠం ఎవరిది, మరో మండలంలో ఎవరు వాడుకోవచ్చు అన్నది కూడా అప్పుడే రాసుకోవాలి.

సరిచూసే ప్రదర్శన

తొలి పూర్తి ప్రదర్శన ఆరోగ్య కేంద్రం ఆవరణలో ఆశా కార్యకర్తల ముందు జరగాలి. వైద్యాధికారి చేతిలో మారకూడని మాటల కాగితం పెట్టుకుని, ప్రతి వాక్యం వచ్చినప్పుడు టిక్కు పెడుతూ వినాలి, మధ్యలో ఆపకూడదు. బుర్రకథ కళాకారుడు జనాన్ని చూసి అప్పటికప్పుడు మాట అల్లుతాడు, అది ఆ కళకు ప్రాణం. ఏ చోట్ల అల్లుకోవచ్చో, ఏ చోట్ల అక్షరం మార్చకూడదో పాఠంలోనే రెండు రంగుల సిరాతో గుర్తు పెట్టుకుంటే ఇద్దరికీ నిశ్చింత.

ప్రదర్శన రోజు

తొలకరికి ముందే, మే చివరి నాటికి మొదటి విడత ఊళ్లు పూర్తి కావాలి. నాట్లు మొదలయ్యాక జనం అలసిపోయి ఉంటారు, కథ వినే ఓపిక ఉండదు.

ఆ ఉదయం వైద్యాధికారి చేయవలసిన పని ఒకటుంది. దగ్గరి ఏ ఆస్పత్రిలో పాము ఇంజెక్షన్ నిల్వ ఉంది, రాత్రి డాక్టరు ఉంటారా, ఊపిరి యంత్రం కావాలంటే ఎక్కడికి పంపాలి అన్నవి ఫోన్ చేసి కనుక్కుని, ఆ ఆస్పత్రి పేరునే కథలో చెప్పించాలి. నిల్వ లేని చోటికి జనాన్ని పంపే కథ కంటే, ఆ రాత్రి ప్రదర్శన వాయిదా వేయడం మేలు. కథను నమ్మి వచ్చిన కుటుంబం ఒక్కసారి ఉత్త చేతులతో తిరిగిపోయిందంటే, ఆ ఊళ్లో కళాకారుడి మాటా డాక్టరు మాటా రెండూ చెల్లవు.

కథ ముగిసిన వెంటనే సన్మానాలూ ప్రసంగాలూ పెట్టకండి. వంతే పేరు పెట్టి పిలవగా నర్సు గారో డాక్టరు గారో పందిట్లోకి వచ్చి, ఓ పది నిమిషాలు జనం ప్రశ్నలకు నిలబడి జవాబు చెబితే సరిపోతుంది. వేదిక ఎక్కితే ప్రశ్నలు రావు.

తరువాత

ఎలా ఉందని అడిగితే అందరూ బాగుందనే అంటారు. వారం పది రోజుల తరువాత ఆశా కార్యకర్త పదిహేను ఇళ్లకు వెళ్లి, “ఈ రాత్రి మీ ఇంట్లో ఒకరిని పాము కరిస్తే వరుసగా ఏమేం చేస్తారు?” అని మాత్రమే అడిగి, వాళ్లు చెప్పిన మాటలనే రాసుకు రావాలి. ఎక్కువమంది ఏ మెట్టు మరిచిపోయారో, దేన్ని తలకిందులుగా గుర్తుపెట్టుకున్నారో ఆ కాగితాల్లో కనిపిస్తుంది. పాఠంలో దిద్దవలసిన చోట్లు అవే.

ఆస్పత్రి వైపు నుంచి మరో కొలత ఉంది. పాముకాటు కేసు వచ్చినప్పుడు కాటు పడిన సమయం, ఆస్పత్రికి చేరిన సమయం, కట్టుతో వచ్చారా లేదా అన్న మూడు గడులను రిజిస్టరులో నర్సు గారు నింపితే, వానాకాలం చివర దళమూ వైద్యాధికారీ ఆ పేజీలను ఎదురెదురుగా పెట్టుకుని కూర్చోవచ్చు. ప్రదర్శన జరిగిన ఊళ్ల పేర్ల పక్కన ఇంకా కట్టుతోనే వస్తున్నారా అన్నది చూసి, వచ్చే ఏడాది పాఠాన్ని అక్కడి నుంచి తిరగరాయండి. కొత్త ప్రతి మీద తేదీ వేసి, పాత ప్రతులను వంతల దగ్గర నుంచి కూడా వెనక్కి తీసుకోండి.